సైనికుని గాయమును, ఇల్లాలి భయమును

నెల్లూరేలిన మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన రణరంగమునుండి వెనుదిరిగి ఇల్లు చేరినప్పుడు, భార్య చానమ్మ స్నానపు నీళ్ళకు మంచము చాటుగా నిలిపి, దాపున పసుపుముద్ద నుంచి, ఆడువారికి చేయు ఏర్పాటు చేసి అతనిని సిగ్గుపరచెననియు, అంతట నతడు మరల యుద్ధమునకు వెడలి ప్రాణములు విడిచెననియు చెప్పు చాటుకథ తెలుగువారికి చిరపరిచితము. బాలచంద్రుని యుద్ధమునకు సాగనంపిన మాంచాల ధైర్యమును కారెంపూడి వీరుల యుత్సవములలో తరతరములుగా గానము చేయుచునే యున్నారు. పతులను గోల్పోయిన కాంతల విలాపమునకు మహాభారతము ఒక పర్వమునే కేటాయించినది. భర్తను పోరునకు పంపు భార్యను, భర్త గతింపగా రోదించు భార్యను ఇంత నిండుగా చిత్రించిన మన వాఙ్మయములో, బ్రతికి తిరిగివచ్చిన యోధునితో ఒక్క కప్పు క్రింద ఏండ్లు గడపిన ఇల్లాలు ఏమి చూచెనో, ఏమి సహించెనో చెప్పిన రచన వెదకినను అరుదుగానే కనబడును.

ఈ మౌనము మన కొక్కరికే చెల్లినది కాదు. సకల దేశముల వీరగాథలును యోధుడు గడప దాటి లోనికి వచ్చుటతో ముగియుచున్నవి. అటుపిమ్మటి కథను వైద్యులును, సమాజశాస్త్రజ్ఞులును శ్రద్ధగా విన మొదలిడి నాలుగు దశాబ్దములు మాత్రమే దాటినవి. వారి పరిశోధనలో అధికభాగము అమెరికాలోను, కొంత బ్రిటనులోను ఇజ్రాయెలులోను జరిగినది. దానిని నింపాదిగా చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. యుద్ధము సైనికుని మనస్సునకు చేయు గాయము వాస్తవమైనది, చికిత్సకు లొంగునది. అయినను ఆ గాయము పేరు చెప్పి ఇల్లాలిపై లేచిన చేతికి మినహాయింపు నిచ్చుటను శాస్త్రమును అంగీకరింపదు, న్యాయమును అంగీకరింపదు. ఈ రెండు సత్యములను ఏకకాలమున తలకెత్తుకొనగల సంస్థ మాత్రమే సైనిక కుటుంబమును కాపాడగలదని నా యభిప్రాయము. మన దేశమున ఆ పని ఇంకను ఆరంభము కావలసియే యున్నది.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1915లో, చార్లెస్ మయ్యర్స్ అను బ్రిటిషు వైద్యుడు ఫిరంగి గుండ్ల ప్రేలుడు నడుమ చూపును, జ్ఞాపకమును కోల్పోయిన సైనికులను గూర్చి 'లాన్సెట్' పత్రికలో వ్రాయుచు 'షెల్ షాక్' అను పేరును వైద్యలోకమునకు పరిచయము చేసెను. ఆ యుద్ధములో పోరాడి వచ్చిన అమెరికా సైనికులకు చికిత్స చేసిన అబ్రామ్ కార్డినర్, 1941లో ప్రకటించిన గ్రంథములో, యుద్ధము ముగిసి ఏండ్లు గడచినను చిన్న చప్పుడునకే ఉలికిపడుటయు, నిష్కారణముగా ఆగ్రహము పెల్లుబుకుటయు ఈ రోగులలో కానవచ్చు ప్రధాన లక్షణములుగా పేర్కొనెను. రోగిని అంత సూక్ష్మముగా పరిశీలించిన ఆ వైద్యశాస్త్రము, అతని ఆగ్రహము ఎవరిపై పడుచున్నదను ప్రశ్నను మాత్రము చాలకాలము వేసికొనలేదు. కుటుంబము వైపు తొలుత చూచినవాడు సమాజశాస్త్రజ్ఞుడు రూబెన్ హిల్. ఆయన అయోవా రాష్ట్రమునందలి 135 కుటుంబములను పరిశీలించి 1949లో వెలువరించిన గ్రంథములో, ఎడబాటువలెనే పునస్సమాగమము కూడ కుటుంబమునకొక సంకటసమయమే యని నిరూపించెను. భర్త లేనినాడు సంసారమును ఒంటిచేతితో నడపిన స్త్రీ, అతడు వచ్చిన మరునాడే పగ్గములు విడిచి ప్రక్కకు తొలగవలసి వచ్చుటలో ఎంతటి ఘర్షణ యున్నదో ఆ గ్రంథము తెలుపును.

ఆపై రెండు ధారలు వేరువేరుగా ప్రవహించినవి. వియత్నాం యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుల ఆందోళనయు, వారి పక్షమున నిలిచిన మానసిక వైద్యుల కృషియు ఫలించి, ఘోరానుభవముల యనంతరము మనస్సును వెంటాడు వ్యాధికి 'పీటీఎస్‌డీ' అను పేరిట 1980లో అమెరికా మానసిక వైద్యుల అధికారిక రోగసూచికలో స్థానము లభించినది. మరియొక వంక, స్త్రీల ఉద్యమము 1970వ దశకమున గృహహింసను నాలుగు గోడలనుండి బహిరంగములోనికి తెచ్చినది. సమాజశాస్త్రజ్ఞుడు మరే స్ట్రాస్ ఆ హింసను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని 1979లో ప్రకటించెను. గాయపడిన పురుషుని గూర్చిన శాస్త్రమొకటి, గాయపరుపబడిన స్త్రీని గూర్చిన శాస్త్రమొకటి. పరస్పర పరిచయము లేని ఈ రెండును సైనికుని ఇంట కలిసికొనక తప్పలేదు.

ఆ కలయికకు వేదికయైనది వియత్నాం సైనికుల పునఃసర్దుబాటును గూర్చి అమెరికా కాంగ్రెసు 1983లో ఆదేశించిన జాతీయ అధ్యయనము. వియత్నామున పోరాడిన పురుషులలో నూటికి పదునైదుగురు యుద్ధము ముగిసి పదియేండ్లు దాటిన తరువాత కూడ ఈ వ్యాధితో బాధపడుచుండిరని అది తేల్చినది. దానిలో భాగముగా పరిశోధకులు సుమారు 1,200 మంది పురుష సైనికులను ప్రశ్నించుటతో నాగక, వారిలో 376 మంది భార్యలను, సహచరులను కూడ వేరుగా విచారించిరి. 1992లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, వ్యాధి గల సైనికుల కుటుంబములలో సుమారు మూడింట ఒక వంతున గడచిన యేడాదిలో సహచరిపై దౌర్జన్యము జరిగినది. వ్యాధి లేనివారి ఇండ్లలో అందు సగము కంటెను తక్కువ. అదే కాలమున ఇజ్రాయెలులో జహావా సొలొమన్ బృందము, 1982 లెబనాను యుద్ధములో మనోవికలులైన సైనికుల భార్యలను పరిశీలించి, యుద్ధభూమిని కన్నులతో చూడని ఆ స్త్రీలలోను మనోవ్యాధి లక్షణములు, ఏకాకితనము హెచ్చుగా నున్నట్లు కనుగొన్నది.

వ్యాధి హింసగా మారు విధమును వివరింప యత్నించినవారిలో క్లాడ్ కెమ్‌టోబ్ ముఖ్యుడు. ఆయన వాదము ప్రకారము, రణరంగమున ప్రాణము నిలిపిన గుణములే ఇంట ప్రమాదకరములగును. పొదలో ఆకు కదలినను శత్రువని భావించి క్షణములో విరుచుకుపడువాడు అక్కడ బ్రతుకును. ఆ యప్రమత్తత ఆరకుండ నెత్తురులో నిలిచిపోయినవానికి, వంటింట పళ్ళెము జారిపడిన చప్పుడును, భార్య అడిగిన మామూలు ప్రశ్నయు దాడివలె తోచును. అనంతర పరిశోధనలు కూడ ఈ వ్యాధి లక్షణములన్నింటిలో నిరంతరోద్రేకమే, అనగా నిద్రలేమి, ఉలికిపాటు, అణగని చిరాకు అనునవే, సహచరిపై దౌర్జన్యముతో ఎక్కువ ముడివడి యున్నట్లు చూపినవి. పీడకలలు కనువాడెల్ల కొట్టువాడు కాడు; కన్ను మూయలేక, మద్యముతో మూయ యత్నించువాని ఇంట అపాయము హెచ్చు.

ఇచ్చట పాఠకుడు ఒక జాగ్రత్త వహింపవలెను. ఈ వ్యాధి గల సైనికులలో అత్యధికులు ఎవరినీ కొట్టరు. కొట్టువారిలో అనేకులకు ఈ వ్యాధి లేదు. లండను నగరపు కింగ్స్ కళాశాల పరిశోధకులు 13,856 మంది బ్రిటిషు సైనికుల వివరములను జాతీయ నేరచిట్టాలతో సరిపోల్చి 2013లో ప్రకటించిన అధ్యయనము ఈ విషయమున కనువిప్పు గలిగించును. ఇంటి హింసను మాత్రమే గాక సకల హింసా నేరములను లెక్కించిన ఆ అధ్యయనములో, ఇరాకునకో ఆఫ్ఘనిస్థానమునకో వెళ్ళివచ్చుట మాత్రముననే నేరప్రవృత్తి పెరిగిన జాడ కనబడలేదు. ముఖాముఖి పోరాటములో పాల్గొనుట, తిరిగివచ్చిన పిమ్మట మితిమీరి త్రాగుట, పీటీఎస్‌డీ అనునవి అపాయమును పెంచినవి. సైన్యమున చేరక మునుపే హింసకు అలవాటు పడియుండుటయు, చిన్న వయస్సును, క్రింది హోదాయు కూడ బలమైన సూచికలుగా తేలినవి. కావున 'యుద్ధము చెడగొట్టినది' అను ఒక్క మాటతో సమస్తమును తేల్చివేయువారు శాస్త్రము చెప్పని మాటను శాస్త్రమునకు అంటగట్టుచున్నారు.

అంతకంటె గట్టి సాక్ష్యము బాధిత స్త్రీల అనుభవములోనే గలదు. తన యధికారి యెదుట ఎంత యవమానము జరిగినను నిటారుగా నిలిచి 'సార్' అనువాడు, ఇంటికి వచ్చి కూరలో ఉప్పు తగ్గినదని భార్య జుట్టు పట్టుకొనినచో, అతనికి నిగ్రహము లేదనుట యెట్లు పొసగును? నిగ్రహము కలదు; దానిని ఎవరియెదుట వహింపవలెనో, ఎవరియెదుట వహింపనక్కరలేదో యను తారతమ్యజ్ఞానము కూడ అతనికి కలదు. ఆజ్ఞాపించుట, ఆజ్ఞకు లోబడుట అను క్రమమున ఏండ్లు గడపినవాడు ఇంటిని కూడ ఒక దళముగా భావించి, భార్యను తన క్రింది సిపాయిగా లెక్కించుట వ్యాధిలక్షణము కాదు, అలవాటైన భావన. భావనలను మార్చుకొనవచ్చును, మార్చుకొనుమని సమాజము నిర్బంధింపను వచ్చును.

బోస్టనులో కేసీ టాఫ్ట్ బృందము రూపొందించిన 'స్ట్రెంగ్త్ ఎట్ హోమ్' కార్యక్రమము ఈ వివేకము పైననే నిర్మింపబడినది. సహచరులపై హింసకు పాల్పడిన సైనికులును, మాజీ సైనికులును చిన్న బృందములుగా పండ్రెండు వారములపాటు కూడి, ఘోరానుభవము తమ నమ్మకమును, ఆత్మగౌరవమును, అధికారకాంక్షను, లజ్జను ఎట్లు వక్రింపజేసినదో చర్చింతురు. ఆ చర్చతోపాటే, చేసిన పనికి తామే బాధ్యులమని ఒప్పుకొనుటయు, కోపము పొడసూపు తొలిక్షణమున ఆగిపోవుటయు అభ్యసింతురు. 135 మందితో జరిపి 2016లో ఫలితములు ప్రకటించిన తులనాత్మక పరీక్షలో, మామూలు సేవలు పొందినవారి కంటె ఈ బృందములలో కూర్చున్నవారిలో శారీరక, మానసిక దౌర్జన్యములు రెండును ఎక్కువగా తగ్గినట్లు తేలినది. కేవలము శిక్ష చాలదనువారికిని, కేవలము సానుభూతి చాలుననువారికిని ఈ పరీక్షయే సమాధానము.

అయితే ఇట్టి జ్ఞానము ఎంత యున్నను, దానిని వాడుకొనుటకు బాధితులును రోగులును ముందునకు రావలెను గదా. వారిని రానీయక ఆపునది ఏమో 2002వ సంవత్సరపు వేసవి చూపినది. ఉత్తర కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరమున ఆరు వారముల వ్యవధిలో నలుగురు సైనికుల భార్యలు భర్తల చేతులలో హతులైరి. ఆ భర్తలలో ముగ్గురు ఆఫ్ఘనిస్థానమున ప్రత్యేక దళములలో పనిచేసి వచ్చినవారు. పత్రికలు మలేరియా నివారణకై సైనికులకిచ్చు మాత్రను అనుమానించినవి; ఒక మందుబిళ్ళపై నేరము మోపుట అందరికిని సులువు. సైన్యము పంపిన వైద్య విచారణ బృందము మాత్రము ఆ మందు ఈ హత్యలకు తగిన వివరణ కాదని చెప్పి, అప్పటికే చెడియున్న దాంపత్యములను, ఎడతెగని యుద్ధసేవ యొత్తిడిని, అన్నింటికి మించి, మానసిక సహాయము కోరినచో ఉద్యోగమునకు చేటు కలుగునను భయమును కారణములుగా చూపినది. సాహసమే వృత్తిగా గలవారు వైద్యుని తలుపు తట్టుటకు జంకిరి. ఆ జంకునకు మూల్యము భార్యలు చెల్లించిరి.

బిడ్డల స్థితిని పరిశోధించినవారు ఇంకొక వైపును వెలికి తెచ్చిరి. డెబొరా గిబ్స్ తన సహచరులతో కలిసి, బిడ్డలపై దుర్వర్తనము నమోదైన 1,771 సైనిక కుటుంబముల వివరములు పరిశీలించి 2007లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించిన వ్యాసము ప్రకారము, సైనికుడు ఇంట నున్న కాలముతో పోల్చగా అతడు యుద్ధభూమిలో నున్న కాలమున ఆ కుటుంబములలో బిడ్డలకు జరిగిన అపకారము నూటికి నలుబదిరెండు వంతులు హెచ్చు. అందులో అధికభాగము దెబ్బలు కావు, ఆలనపాలనల లోపము. సైన్యమున లేని తల్లుల విషయమున ఆ లోపము దాదాపు నాలుగు రెట్లయినది. దీనిని చదివి తల్లులను దూషించుట తగదు. పుట్టినింటికి దూరముగా, తెలియని ఊర, చిన్నబిడ్డలతో, ఏ ఘడియకు ఏ దుర్వార్త వచ్చునోయని ఫోను వైపే చూచుచు నెలలు గడపిన స్త్రీకి అండ నీయవలసిన సంస్థ ఇయ్యలేదని దాని యర్థము. గాయము యుద్ధభూమిలో నున్నవానికి మాత్రమే తగులునను నమ్మకమును ఈ అధ్యయనము కూడ సడలింపజేసినది.

ఇక సంస్థ వైపు చూతము. సైనికుని భార్యకు ఇల్లు సైన్యము ఇచ్చినదే, వైద్యము సైన్యము ఇచ్చినదే, సరకులు సైన్యపు దుకాణమునుండి వచ్చునవే, పొరుగువారు భర్త తోటివారే. ఫిర్యాదు చేయవలసిన అధికారి, భర్త పదోన్నతిని నిర్ణయించువాడు. ఆమె నోరు విప్పినచో భర్త ఉద్యోగము పోవచ్చును. పోయిన మరునాడు ఆమెకును బిడ్డలకును నీడ యుండదు. గృహహింసా నేరము రుజువైనవానికి తుపాకి పట్టు హక్కు లేదని అమెరికా 1996లో చేసిన చట్టము సైనికులకు మినహాయింపు నీయలేదు. అది న్యాయమే, కాని తుపాకి పట్టరాని సైనికునికి కొలువే లేదు గనుక, నేరము రుజువు కాకుండుటయే అందరికిని సౌకర్యమైనది. ఈ చిక్కును విప్పుటకు ఆ దేశము ఒక్కొక్క అడుగే వేసినది. దౌర్జన్యము కారణమున కొలువు కోల్పోయినవాని భార్యాబిడ్డలకు పండ్రెండు మొదలు ముప్పదియారు నెలలవరకు భృతి నిచ్చు పథకము 1990వ దశకమున వచ్చినది. పౌర న్యాయస్థానము లిచ్చు రక్షణ ఉత్తరువులు సైనిక స్థావరముల లోపల కూడ చెల్లునని ఫోర్ట్ బ్రాగ్ హత్యలు జరిగిన 2002లోనే చట్టమైనది. భర్త పై యధికారికి తెలియకుండనే వైద్యసహాయము పొందు వెసులుబాటు 2006లో కలిగినది. గృహహింసను సైనిక శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరముగా 2018 నాటి చట్టము చేర్చినది. అభియోగము మోపవలెనా వలదా యను నిర్ణయము దళపతి చేతినుండి స్వతంత్ర న్యాయవాదులకు 2023 డిసెంబరులో బదిలీ యైనది.

ఇన్ని సంస్కరణల పిమ్మట కూడ లెక్క సరిగా తేలలేదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయము 2021లో ఇచ్చిన నివేదిక, 2015 మొదలు 2019 వరకు సైన్యము నిర్ధారించిన గృహ దౌర్జన్య ఘటనలు నలుబదివేలకు మించినవనియు, వానిలో నూటికి డెబ్బదినాలుగు శారీరక హింసయే ననియు చెప్పి, నిర్ధారణ కాని ఆరోపణలను కూడ లెక్కింపుడని 1999 నుండియే చట్టము శాసించుచున్నను రక్షణశాఖ ఆ పని సమగ్రముగా చేయలేదని యెత్తిచూపినది. లెక్క తప్పిన ఫలమెట్లుండునో 2017 నవంబరున టెక్సాసు రాష్ట్రములోని సదర్లాండ్ స్ప్రింగ్స్ గ్రామము చూచినది. భార్యను, పసివాడైన ఆమె బిడ్డను హింసించినందుకు 2012లో వాయుసేన న్యాయస్థానమున శిక్ష పొందిన ఒక మాజీ సైనికుని పేరును వాయుసేన జాతీయ నేరచిట్టాకు పంపలేదు. అతడు దర్జాగా తుపాకులు కొని, తన అత్తగారు అప్పుడప్పుడు వెళ్ళు ప్రార్థనామందిరములో ఇరువదియార్గురను చంపెను. ఆ ఘోరమునకు నూటికి అరువది పాళ్ళు బాధ్యత ప్రభుత్వముదే యని 2021లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇంటి విషయము ఇంటనే యుండవలెననువారు ఆ తీర్పును ఒక్కసారి చదువవలెను.

ఇప్పుడు మన సంగతి. తాడేపల్లిగూడెము దాపున ఇంటింట సైనికుడున్నాడని పేరుగాంచి 'మిలిటరీ' అను బిరుదునే ధరించిన మాధవరము మొదలు, శ్రీకాకుళము పల్లెలవరకు, సికిందరాబాదు కంటోన్మెంటు వీథులవరకు తెలుగునేలపై సైనిక కుటుంబములు కోకొల్లలు. మన సైనిక వైద్యులు తమ పత్రికలో జవానుల మానసిక యొత్తిడిని గూర్చి వ్యాసములు వ్రాయుచునే యున్నారు. ఆ జవాను భార్య స్థితిని లెక్కించి ఏటేట దేశము ముందుంచు సంప్రదాయము మాత్రము మనకు లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, పదునెనిమిది మొదలు నలుబదితొమ్మిది యేండ్ల వయస్సు గల వివాహిత స్త్రీలలో భర్త దౌర్జన్యము చవిచూచినవారు తెలంగాణలో నూటికి 36.9, ఆంధ్రప్రదేశములో 30, దేశమంతట 29.3. దెబ్బలు తిన్నవారిలో ఎవరిసాయమైన కోరినవారు నూటికి పదునలుగురే. సామాన్య గృహములే ఇట్లుండగా, సైనికుల ఇండ్లు మాత్రము దీనికి వెలియని నమ్ముటకు ఆధారమేమి? ఆ ఇండ్లలో హెచ్చు అని చెప్పుటకును మనయొద్ద ఆధారము లేదు. లెక్కింపకపోవుటవలన ఒరిగినది ఈ అజ్ఞానమే.

చట్టముల చిక్కు మనకును గలదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము భర్త వృత్తినిబట్టి మారునది కాదు; భర్త భృతి చెల్లింపనిచో అతని జీతమునుండి నేరుగా భార్యకు ఇప్పింపుమని యజమానిని ఆదేశించు అధికారమును సైతము మేజిస్ట్రేటునకు ఇచ్చినది. కాని 1950 నాటి ఆర్మీ చట్టపు 28వ సెక్షను సైనికుని జీతభత్యములను న్యాయస్థానముల జప్తునుండి కాపాడుచున్నది. భార్యాబిడ్డల పోషణకై జీతమున కోత విధించు అధికారమును అదే చట్టపు 90, 91 సెక్షనులు ప్రభుత్వమునకును, నిర్ణీత సైనికాధికారులకును అప్పగించినవి. దారి యున్నదనుట నిజమే. ఆ దారి భర్త యూనిట్ ఆఫీసు గుండ పోవుటయే ఆపద. సరిహద్దు యూనిట్‌కు హిందీలోనో ఇంగ్లీషులోనో అర్జీ వ్రాయవలసిన మన పల్లెటూరి స్త్రీకి, పోలీసు స్టేషనులో 'మిలిటరీవాళ్ళ సంగతి మిలిటరీలోనే చూచుకో' అను సమాధానమును, యూనిట్ నుండి 'సంసారమన్నాక సర్దుకుపోవాలమ్మా' అను హితవును లభించినచో ఆమె యెచటికి పోవలెను?

మాజీ సైనికుల ఇండ్లది మరియొక కథ. జవాను నలుబది యేండ్లకు అటునిటుగానే పదవీవిరమణ పొంది ఊరు చేరును. నిన్నటివరకు క్షణక్షణమునకు పని చెప్పిన యూనిట్ లేదు. తోటి సిపాయిలు లేరు. దొరికిన కొలువు బ్యాంకు వాకిట కాపలా. సెలవులకు వచ్చు అతిథివలె పదునెనిమిదేండ్లు మెలగినవాడు ఒక్కసారిగా నిత్యనివాసి యగును. క్యాంటీను కార్డుపై చౌకగా వచ్చు రమ్ము సీసా మాత్రము విరమణ లేకుండ నెలనెల వచ్చుచుండును. మద్యమును అపాయహేతువులలో ముందు వరుసన నిలిపిన పరిశోధనలను చదివిన పిమ్మట, దేశసేవకు ప్రతిఫలముగా మద్యమును చౌక చేయుటలోని ఔచిత్యమును ప్రశ్నింపకుండ నుండలేము.

ఇట్టి చర్చ సైన్యమునకు అప్రతిష్ఠ యనియు, జవాను మనోబలమును దెబ్బతీయుననియు ఆక్షేపించువారు కలరు. వారిలో నిజమైన దేశభక్తులును కలరు గనుక ఆ యాక్షేపణకు మర్యాదగా సమాధానము చెప్పవలెను. తప్పు చేసినవానిని దాచుటవలన, చేయని వేలాది జవానులు అనుమానమునకు గురియగుదురు. చికిత్స కోరుట కొలువునకు ముప్పు అను భయమును నిలిపియుంచుటవలన, నిద్రలేని రాత్రులు గడపు నిజాయితీపరుడైన సైనికుడే మొదట నష్టపోవును. అమెరికా సైన్యము తన యింటి గుట్టును తానే లెక్కించి ప్రకటించుటవలన యుద్ధము చేయు శక్తిని కోల్పోలేదు. లెక్క తప్పిన సందర్భములలోనే, టెక్సాసులోవలె, పరువును ప్రాణములను కూడ పోగొట్టుకొన్నది.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. కుటుంబ ఆరోగ్య సర్వేతో పోల్చదగిన ప్రశ్నలతో, సైన్యమునకు వెలుపలి పరిశోధకులచేత, సైనికుల, మాజీ సైనికుల భార్యలను పేర్లు గుప్తముగా నుంచి విచారించి ఫలితములు ప్రకటింపవలెను. ఫిర్యాదును స్వీకరించు వ్యక్తి భర్త పదోన్నతితో సంబంధము లేనివాడై యుండవలెను. హింసకు గురియైన స్త్రీలకు సాయపడు సఖి కేంద్రములకును, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములకును మధ్య అధికారికమైన వంతెన నిర్మింపవలెను, ఏలయన పింఛను కాగితములకై ఆ కార్యాలయపు మెట్లెక్కు స్త్రీ పోలీసు స్టేషను మెట్లెక్కక పోవచ్చును. దౌర్జన్యము కారణమున భర్త కొలువు పోయినచో భార్యాబిడ్డలకు కొంతకాలము భృతియు, వసతియు నిలుపవలెను; అది లేనినాడు ఆమె మౌనమును మనమే కొనుచున్నట్లు. మాజీ సైనికుల పాలీక్లినిక్కులలో తెలుగు వచ్చిన మానసిక వైద్యులను నియమించి, పండ్రెండు వారముల బృంద శిక్షణ వంటిదానిని మన సంసారములకు తగినట్లు తీర్చి, ఫలితము నిచ్చునో లేదో శాస్త్రీయముగా పరీక్షింపవలెను. 1966 నుండి సైనికుల భార్యల సంక్షేమమునకై పనిచేయుచున్న ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషను, అధికారుల సతీమణుల నాయకత్వమున నడచుట సంప్రదాయమైనను, జవాను భార్య గోడు నిర్భయముగా వినిపించు వేదికగా మారవలెను.

వీనిలో దేనికిని తొలి మెట్టు లెక్కయే. సైన్యపు బడ్జెటును, ఆయుధముల కొనుగోలును, పింఛనులను ఏటేట పరిశీలించు పార్లమెంటు రక్షణ స్థాయీసంఘము, సైనిక కుటుంబములలోని హింసను గూర్చియు, ఆ కుటుంబముల మానసిక ఆరోగ్యమును గూర్చియు ఒక వార్షిక నివేదికను రక్షణశాఖనుండి కోరవలెను. అట్టి నివేదికను కోరుటకు క్రొత్త చట్టము అక్కరలేదు, రాజ్యాంగ సవరణ అక్కరలేదు. సభ్యులలో ఒకరు ప్రశ్న వేసిన చాలును. పదిహేడుగురు లోక్‌సభ సభ్యులను పంపు తెలంగాణయు, ఇరువదియైదుగురను పంపు ఆంధ్రప్రదేశమును ఆ ప్రశ్నను ఎందుకు వేయలేదని మాధవరము ఇల్లాండ్రు అడిగినచో చెప్పుటకు మన ప్రతినిధులయొద్ద ఈనాడు సమాధానము లేదు. రాబోవు సమావేశములలో నైన ఉండవలెను.